రోజు కూలీ ఇళ్లవాళ్లకి ‘అనుదినాహారం’ గురించి ఏం చెప్పాలి?

కృష్ణలంక సిస్టర్ (ప్రశ్న)

అందరికీ వందనాలు. వచ్చే గురువారం మా స్త్రీల కూడికలో మత్తయి 6:25–34 (తిండి గురించి, బట్ట గురించి చింతపడవద్దని యేసు చెప్పిన భాగం) నాకిచ్చారు. అరగంట వాక్యం, తర్వాత ప్రార్థన. వచ్చేవాళ్లలో సగం మంది అపార్ట్‌మెంట్లలో పని చేస్తారు. కొందరివి టిఫిన్ బళ్లు, కొందరి భర్తలు ఆటో తోలతారు, ఒకటి రెండు ఇళ్లవాళ్లు సీజన్లో గుంటూరు మిర్చి యార్డుకి ముఠా పనికి, అంటే బస్తాలు మోసే పనికి, వెళ్తారు. నెల జీతం వచ్చే ఇల్లు లేదనే చెప్పాలి. ‘ఆకాశపక్షులను చూడుడి’ అని చదివి ఊరుకుంటే వాళ్లేమీ అనరు, ఆమెన్ కూడా అంటారు. కానీ ఇంటికెళ్లేసరికి ఫైనాన్స్ అబ్బాయి బండి గుమ్మం ముందు ఆగి ఉంటుంది.

వాళ్లు తప్పకుండా అడిగేవి ఇవి. దాచుకోవడం, ఇన్సూరెన్స్ కట్టడం అవిశ్వాసమా? డైలీ ఫైనాన్స్ దొరికితే ‘దేవుడు దారి చూపించాడు’ అని సాక్ష్యం చెప్పొచ్చా? బండి మీద వచ్చే డబ్బులో దశమభాగం (దేవునికిచ్చే పదో వంతు) ఎలా లెక్కేయాలి? అద్దె 5వ తేదీకి కట్టాలి, చేతిలో లేదు, అప్పుడు ప్రార్థన ఎలా చేయాలి? వాక్యం బాగా తెలిసినవాళ్లు, సంఘం లెక్కలు చూసేవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు

వందనాలమ్మా. పక్షుల దగ్గర మొదలుపెట్టకండి. అదే అధ్యాయంలో 11వ వచనం దగ్గర మొదలుపెట్టండి: ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము.’ యేసు ప్రభువు చింతపడవద్దని చెప్పకముందే అడగమని నేర్పాడు. అడగడానికి ఒక కొలత కూడా పెట్టాడు, అది ఒక్క రోజు. 25వ వచనం ‘అందువలన’ అని మొదలవుతుంది కాబట్టి దానికి ముందున్న ధనం సంగతి, ఇద్దరు యజమానుల సంగతి వదిలేసి చదివితే మాట సగమే అర్థమవుతుంది.

ఆ ఒక్క రోజు కొలత ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించాలంటే నిర్గమకాండము 16 తెరవండి. మీ అరగంటలో ఇరవై నిమిషాలు అక్కడే గడిపినా నష్టం లేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయుల కోసం దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారమే మన్నా. అది రోజుకు మనిషికి ఒక ఓమెరు. ఓమెరు అంటే ఏపాలో పదో వంతు, మన లెక్కలో దాదాపు రెండు లీటర్ల గిన్నె. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తక్కువ కాలేదు. తెల్లారేదాకా ఉంచుకున్నది పురుగు పట్టి కంపు కొట్టింది. ఇంతవరకు అందరూ చెబుతారు. సాధారణంగా ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి, ‘కాబట్టి దాచుకోకండి’ అని.

ఆపకుండా 22వ వచనం నుంచి చదవండి. ఆరో రోజున మనిషికి రెండు ఓమెరులు ఏరుకోమన్నారు, మిగిలింది మర్నాటికి ఉంచుకోమన్నారు. అదే మన్నా, అవే గిన్నెలు, అదే ఎండ. ఈసారి కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. ఏడో రోజున, అంటే విశ్రాంతి దినాన, కూడా ఏరుకుందామని వెళ్లినవాళ్లకి ఏమీ దొరకలేదు (27వ వచనం). అంటే దేవుడు దాచుకోవడాన్ని నిషేధించలేదు. రేపు ఇస్తాడో ఇవ్వడో అన్న భయంతో దాచింది పాడైంది, రేపు ఏరుకోవడానికి ఉండదని ఆయనే చెప్పిన రోజు కోసం దాచింది నిలిచింది.

మీ కూడికలో మిర్చి యార్డు వాళ్లున్నారన్నారు కదా, వాళ్లకి ఇది చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఫిబ్రవరి నుంచి మే మొదటి వారాల దాకా యార్డులో రాత్రీ పగలూ బస్తాలు దిగుతాయి. తర్వాత ఎండాకాలం సెలవులిచ్చి యార్డు మూసేస్తారు, దాదాపు నెల రోజులు పని ఉండదు. సీజన్ వాళ్లకి ఆరో రోజు, సెలవులు ఏడో రోజు. మార్చిలో చేతినిండా డబ్బు ఆడుతున్నప్పుడు ఖర్చుపెట్టేసి, జూన్‌లో ‘ప్రభువా, మన్నా కురిపించు’ అని ప్రార్థించడం ఏడో రోజున గిన్నె పట్టుకుని బయల్దేరినట్టే. విశ్వాసం గురించి మనం లేమి రోజుల్లోనే మాట్లాడతాం. ఆ అధ్యాయంలో ఆజ్ఞలన్నీ మన్నా పడుతున్న రోజులకే ఉన్నాయి చూడండి.

ఇంకొకటి, ఫిలిప్పీ 4:19. ‘మీ ప్రతి అవసరమును తీర్చును’ అన్న వాగ్దానం మన ఇళ్లల్లో క్యాలెండర్ల మీద, ఆటోల అద్దాల మీద కనబడుతుంది. దానికి ముందున్న 18వ వచనాన్ని ఏ క్యాలెండర్ వాళ్లూ అచ్చు వేయరు. ఎపఫ్రొదితు చేతికిచ్చి ఫిలిప్పీ సంఘం పౌలుకు పంపిన సహాయం అందిందని అందులో ఉంది, అంటే ఒక రకంగా రసీదు. ఆ వాగ్దానం పక్కవాడి అవసరం తీర్చిన సంఘానికి రాసిన మాట. అదే పౌలు ఆ అధ్యాయంలోనే తాను ఆకలితో ఉండటం కూడా నేర్చుకున్నానంటాడు. కాబట్టి ‘విశ్వాసం ఉంటే పస్తు ఉండదు’ అని మాత్రం బల్ల గుద్ది చెప్పకండి, పౌలు పస్తులున్నాడు.

పనిచేయనొల్లనివాడు తినకూడదన్న మాట (2 థెస్సలొనీక 3:10) పని దొరకనివాళ్ల మీద విసరకూడదు. కూడికల్లో ఇది తరచూ జరుగుతుంది.

అద్దె ప్రార్థన సంగతి. ‘దీవించు తండ్రీ’ అనకుండా అంకె చెప్పి అడగమనండి. అద్దె 4,500 అనుకుందాం. చేతిలో 2,800 ఉంటే అడగాల్సింది 1,700, 5వ తేదీ లోపు. ఒక నోటు పుస్తకంలో అడిగిన తేదీ, ఎంత, ఎప్పటికి, ఎలా వచ్చింది, ఎవరి చేతి మీదుగా వచ్చింది, ఈ ఐదూ గీతలు గీసి రాయించండి. రానివాటి వరస ఖాళీగానే ఉంచాలి, కొట్టేయకూడదు. వచ్చినవే రాసుకుంటే అది సాక్ష్యాల పుస్తకమవుతుంది కానీ ప్రార్థన పుస్తకం కాదు. ఐదో గీత ఎందుకంటే, రెండు నెలలు పోయాక తిరగేస్తే ఎవరికి కృతజ్ఞత చెప్పలేదో కనబడుతుంది. ప్రార్థన చేస్తూనే ఇంటి యజమానికి 1వ తేదీనే మాట చెప్పమనండి. 6వ తేదీన తలుపు కొట్టాక చెప్పే మాటకి విలువ ఉండదు.

సంఘం ట్రెజరర్, ఆటోనగర్

మాస్టారు వాక్యం చెప్పేశారు, నేను లెక్కలు చెబుతాను. సిస్టర్, ఇవి బోర్డు మీద రాసి చూపించండి, నోటితో చెబితే గుర్తుండవు.

డైలీ ఫైనాన్స్. 10,000 అని రాయించుకుంటారు, 1,500 ముందే పట్టుకుని చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు. చాలామంది ‘పదివేలకి పదిహేను వందలే కదా వడ్డీ’ అనుకుంటారు. కానీ పదివేలు మీ దగ్గర ఒక్క రోజు కూడా లేవు. మొదటి రోజు నుంచే అసలు తిరిగి వెళ్లిపోతోంది, సగం రోజులయ్యేసరికి సగం డబ్బు కూడా మీ చేతిలో ఉండదు. సరిగ్గా కడితే ఇది నూటికి నెలకు దాదాపు 10 రూపాయల వడ్డీ. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే నోరెళ్లబెడతాం! దాన్ని దేవుడు చూపిన దారి అని సాక్ష్యం చెప్పొద్దు. తప్పు చేశారని నిలదీయనూ వద్దు, అవసరం అలాంటిది. 2 రాజులు 4లో విధవరాలి నూనె అద్భుతం చదివి వినిపించండి. అప్పులవాడు ఇద్దరు పిల్లల్ని పట్టుకుపోతానంటున్నాడు. పాత్రలు నిండాక ప్రవక్త ఎలీషా చెప్పిన వరస ఏంటి? నూనె అమ్ము, ముందు అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగాక కూడా మొదటి చెల్లింపు అప్పుకే.

ఈ ఫైనాన్స్‌లు మన ఇళ్లల్లో ఎక్కువగా పెరిగేది జూన్‌లో, డిసెంబర్‌లో. జూన్ అంటే బడి ఖర్చు. డిసెంబర్ అంటే క్రిస్మస్ బట్టలు, ఇంటికి సున్నం, చుట్టాల భోజనాలు. క్రిస్మస్‌కి 6,000 అవుతుందనుకుంటే ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా నెలకు 600. యేసు పుట్టిన పండగకి నూటికి పది వడ్డీ కట్టడం ఏం బావుంటుంది చెప్పండి.

దశమభాగం. బండి మీద అమ్మకం వేరు, రాబడి వేరు. రోజుకు అమ్మకం 3,000 అనుకోండి. సరుకులు 1,500, గ్యాస్ 250, సాయం చేసే మనిషికి 300, మొత్తం 2,050 పోతే మిగిలింది 950. దశమభాగం 95 రూపాయలు. అమ్మకం మీద 300 తీస్తే ఏమవుతుంది? నెలకు 26 రోజులు బండి పెడితే 7,800. నెల రాబడి మొత్తం 24,700లో అది దాదాపు మూడో వంతు. నెల తిరిగేసరికి ఆ లోటు సరుకుల డబ్బులోంచి పూడుస్తారు, తర్వాత పెట్టుబడి కోసం ఫైనాన్స్ దగ్గరికి వెళ్తారు. భక్తి ఎక్కువై బండి ఆగిపోవడం అంటే ఇదే. నివారణ చాలా తేలిక. బండి కట్టేయగానే, ఇంకేమీ లెక్కపెట్టకముందు, రేపటి సరుకులకీ గ్యాస్‌కీ 1,750 వేరే డబ్బాలో వేసేయాలి. ఆ డబ్బా కానుకదీ కాదు, ఇంటిదీ కాదు, బండిది. తర్వాత మనిషి కూలి, తర్వాత కానుక, తర్వాత ఇల్లు. కూలి మర్నాటికి ఆపొద్దు, లేవీయకాండము 19:13లో ఆ మాట సూటిగానే ఉంది.

‘విత్తనం వేయి, నూరంతలు వస్తుంది’ అని ఫోన్ నంబర్ చూపించి అప్పు చేయించి మరీ కానుక అడిగేవాళ్లకి మాత్రం ఒక్క రూపాయి పంపొద్దని గట్టిగా చెప్పండి. అప్పు తెచ్చి ఇచ్చేది మీది కాదు, అప్పు ఇచ్చినవాడిది.

మాస్టారి ఆరో రోజు లెక్క. సెలవుల నెలలో కనీసం ఎంత కావాలో ముందు రాయండి: అద్దె, బియ్యం పప్పు, గ్యాస్, కరెంటు, మందులు. 9,000 వచ్చిందనుకోండి. సీజన్ 14 వారాలు. వారానికి 650 తీస్తే 9,100. అంతకంటే ఎక్కువ తీయమని కూడా చెప్పను. ఎక్కువ పెట్టుకుంటే మూడో వారంలోనే విరమిస్తారు. ఈ డబ్బు బ్యాంకు ఖాతాలోనో పోస్టాఫీసులోనో ఉండాలి, బీరువాలో వద్దు. బీరువాలో ఉంటే పెళ్లి వచ్చినా, పక్కింటివాళ్లు అడిగినా అదే బయటికొస్తుంది. రిజిస్టర్ కాని చీటీల్లో అసలే వద్దు.

ఇన్సూరెన్స్. ఆటోకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం తప్పనిసరి, దాన్ని అవిశ్వాసం అన్న పాస్టర్ గారు ఎవరూ లేరు. అలాంటప్పుడు ఆటో తోలే మనిషికి కడితే అవిశ్వాసం ఎలా అవుతుంది? బ్యాంకు ఖాతా మీద కేంద్రం ఇచ్చే బీమాలు రెండున్నాయి. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి. జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436, ఎలా పోయినా 2 లక్షలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా. గండి పడేది ఎక్కడంటే మే నెలాఖర్లో ఖాతాలో డబ్బు ఉండదు, ప్రీమియం తెగదు, పాలసీ ఆగిపోతుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. మే 20 లోపు ఖాతాలో 500 ఉంచమని చెప్పండి. నామినీ పేరు సరిగ్గా పడిందో లేదో పాస్‌బుక్కు తీసుకెళ్లి అడగాలి.

విశ్వాస జీవితం

లెక్కలు బాగానే ఉన్నాయి బ్రదర్. కానీ ఇవన్నీ చదివాక దేవుడికి చోటెక్కడుంది? ఏలీయా ప్రవక్తకి కెరీతు వాగు దగ్గర కాకోలములు పొద్దునా సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చాయి. ఆయన పాలసీ కట్టాడా? జార్జ్ ముల్లర్ వేలమంది అనాథల్ని పోషించాడు, ఏ మనిషినీ అడగలేదు. అవసరం మనిషికి చెప్పుకున్న క్షణంలోనే దేవుడి మీద ఆధారం తప్పిపోయింది. ఆ సిస్టర్లకి మోకాళ్ల మీద ఉండటం నేర్పండి, బ్యాంకు క్యూలో నిలబడటం కాదు.

బ్రాడీపేట మాస్టారు

బ్రదర్, మీరు తీసుకున్న ఉదాహరణలు మంచివే, అయితే రెండూ చివరిదాకా చదవాలి. కెరీతు వాగు ఎండిపోయింది (1 రాజులు 17:7). ఎండిపోయాక దేవుడు ఏలీయాని సారెపతులో ఒక విధవరాలి దగ్గరికి పంపాడు. ప్రవక్త అక్కడికెళ్లి చేసిన మొదటి పని నీళ్లు అడగడం, రెండోది రొట్టె అడగడం. నోరు తెరిచి, మనిషిని, అదీ పిడికెడు పిండి మిగిలిన మనిషిని.

ముల్లర్ సంగతి. 1836లో బ్రిస్టల్‌లో అనాథాశ్రమం మొదలుపెట్టాడు, 1898లో చనిపోయేనాటికి పదివేల మంది పైచిలుకు పిల్లలు ఆయన నీడలో పెరిగారు. చందాలు అడగలేదు, నిజమే. కానీ ఏటేటా రిపోర్టు అచ్చు వేసేవాడు. వచ్చిన ప్రతి పైసాకీ రసీదు, లెక్క ఉండేవి. అప్పు మీద సరుకు తేనివ్వలేదు, డబ్బు లేకపోతే కొనేవాడు కాదు. ఆయన్ని చూపించి ‘లెక్కలు అవిశ్వాసం’ అంటే ఆయనే ఒప్పుకోడు. ఆయన బావమరిది గ్రోవ్స్ వెంట 1836లోనే బౌడెన్, బీర్ కుటుంబాలు ఏ సొసైటీ జీతమూ లేకుండా మన తెలుగు తీరానికి వచ్చి, నరసాపురం వైపు పనిచేశాయి. విశ్వాసంతో బతకడం మన ప్రాంతానికి కొత్త మాట కాదు. అయితే అది కొందరికి దేవుడిచ్చిన పిలుపు. దాన్ని నలుగురు పిల్లలున్న టిఫిన్ బండి అమ్మకి చట్టంలా చదివి వినిపించకూడదు.

ఈ వాదనకి బైబిల్లోనే ఒక జంట ఉంది. ఎజ్రా బబులోను నుంచి బయల్దేరేటప్పుడు రాజుని సైన్యం అడగడానికి సిగ్గుపడ్డాడు, ఉపవాసముండి వెళ్లాడు (ఎజ్రా 8:22). కొన్నేళ్లకి నెహెమ్యా అదే యెరూషలేముకి వెళ్తూ రాజు పంపిన గుర్రపు రౌతుల్ని వెంటబెట్టుకున్నాడు, కలప కావాలని ఉత్తరం కూడా అడిగి తీసుకున్నాడు (నెహెమ్యా 2:7–9). ఇద్దరి మీదా దేవుని హస్తం ఉందనే రాసి ఉంది. సైన్యం వద్దన్నవాడు వద్దు అనుకోవచ్చు, పక్కవాడు రౌతుల్ని తీసుకెళ్తే తప్పుపట్టకూడదు.

ఇక దేవుడికి చోటెక్కడ అన్నారు. మన గుంటూరుకి లూథరన్ మిషన్ 1842లో వచ్చింది. ఆ సంఘాల్లో నేర్పే లూథర్ చిన్న కేటకిజం (ప్రశ్నలు జవాబులుగా ఉండే బోధ పుస్తకం) 1529 నాటిది. అందులో అనుదినాహారం అంటే ఏమేమిటో వరసగా రాశాడు. తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలంతోబాటు మంచి పాలన, అనుకూలమైన వాతావరణం, నమ్మకమైన పొరుగువాళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు. రేషన్ బియ్యం, పక్కింటి మనిషి, బ్యాంకు ఖాతా, ఇవన్నీ ప్రభువు నేర్పిన ప్రార్థనలోని నాలుగో విన్నపానికి, అంటే ఈ అనుదినాహారపు మాటకి, జవాబులోనివే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది ఇళ్లల్లో నెల సరుకులు నీళ్లపాలయ్యాయి. కొట్టు ఎంత నిండి ఉన్నా ఒక్క రాత్రిలో పోవచ్చని అక్కడివాళ్లకి మనం చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో పై అంతస్తు పొరుగువాడే అనుదినాహారం.

పట్నంబజారు అక్క

వందనాలు. కృష్ణలంక సిస్టర్, మీ కూడికలో వాక్యం అయ్యాక ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే గుప్పెడు బియ్యం మొదలుపెట్టండి. చాలా సంఘాల్లో పాత అలవాటే, ఇప్పుడు కానుక కవర్లొచ్చి మూలపడింది. ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేయడం, అంతే. ఆడవాళ్ల గుప్పెడు 40 నుంచి 50 గ్రాములు. రెండు పూటలా వండితే రోజుకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. 25 ఇళ్లకి 75 కిలోలు. ఇంటికి 10 కిలోల చొప్పున ఏడు ఇళ్లకి ఇవ్వచ్చు, 5 కిలోలు మిగులుతాయి.

ఇది పాడయ్యేది రెండు చోట్ల. ఒకటి, రేషన్ బియ్యం, సోనా మసూరి ఒకే సంచిలో పోసేస్తారు. కలిస్తే సమంగా ఉడకవు, ఒకటి పలుకు, ఇంకొకటి ముద్ద. తీసుకున్నవాళ్లు మొహమాటానికి ఏమీ అనరు, దోసెల పిండికి నానబోస్తారు. రెండు డబ్బాలు పెట్టండి. రెండోది, నెల చివర్న ఒక్కసారే పోగుచేద్దామని ఇళ్లల్లో ఉంచేస్తారు, వానాకాలంలో పురుగు పడుతుంది. వారం వారం కూడికకి తెమ్మనండి, డబ్బాలో ఎండిన వేపాకు వేయండి, వచ్చిన బియ్యం ఆ నెలలోనే పంచేయండి. సంఘం పేరు మీద నిల్వ పెట్టొద్దు.

ఎవరికి ఇవ్వాలో ఇద్దరు అక్కలు చూస్తే చాలు, కమిటీ అక్కర్లేదు. ఆదివారం పీఠం మీంచి పేర్లు చదవొద్దు, సంచి ఇస్తూ ఫోటో తీసి గ్రూపులో పెట్టొద్దు. ఫోటో పెట్టారంటే మర్నెలకి అవసరం ఉన్నవాళ్లు అడగడం మానేస్తారు, అవసరం లేనివాళ్లే మిగులుతారు. డబ్బు సాయం అయితే చేతికివ్వకుండా బడి ఫీజు బడిలోనే, మందుల డబ్బు షాపులోనే కట్టడం మంచిది. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి. పౌలు యెరూషలేము చందా ఒక్కడే మోసుకుపోలేదు, వేరేవాళ్లని తోడు తీసుకున్నాడు (2 కొరింథీ 8:19–21). తన మీద అనుమానం రాకూడదనే జాగ్రత్త అది.

పస్తున్న ఇంటికి ముందు బైబిలు తీయకండి. ముందు ఈ మూడూ అడగండి. రేషన్ కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా, ఈ-కేవైసీ అయిందా? మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితం, అంత్యోదయ కార్డుకి 35 కిలోలు. నలుగురున్న ఇంటికి 20 కిలోలు వస్తాయి. రోజుకు కిలోంపావు వండితే నెలకు 37 కిలోల పైన కావాలి, అంటే కొనాల్సింది 17, 18 కిలోలు. కొత్త కోడలి పేరు ఎక్కక, పుట్టిన బిడ్డ పేరు ఎక్కక ఏళ్ల తరబడి ఆ 5 కిలోలు వదులుకునే ఇళ్లు బోలెడు. తర్వాత, ఇంట్లో పెద్దవాళ్ల పింఛను అందుతోందా? మూడోది, పొయ్యి వెలగని రోజు అన్న క్యాంటీన్‌లో పూటకి 5 రూపాయలకే పెడతారు, వెళ్లడానికి సిగ్గుపడుతున్నారా? సిగ్గుపడితే తోడు వెళ్లండి. ఇవేమీ చూడకుండా ‘ప్రార్థన చేస్తాం అమ్మా’ అని లేచి రావడాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయం బాగానే కడిగింది.

కృష్ణలంక సిస్టర్

అందరికీ వందనాలు. ఆరో రోజు మీదే వాక్యం చెబుతాను, బోర్డు మీద ఫైనాన్స్ లెక్క, టిఫిన్ బండి లెక్క రెండూ రాస్తాను. గుప్పెడు బియ్యానికి ఇద్దరు అక్కలు ముందుకొచ్చారు. విశ్వాస జీవితం బ్రదర్, మోకాళ్ల ప్రార్థన కూడా ఉంటుంది, చివర పది నిమిషాలు అంకె చెప్పి అడిగే ప్రార్థనే చేయిస్తాను.

ట్రెజరర్ గారూ, ఒక్క మాట. ఇప్పటికే డైలీ ఫైనాన్స్‌లో ఉన్నవాళ్లు నన్ను అడిగేది ఒకటుంది. 40 రోజులు కట్టేశారు, ఇంకా 6,000 ఉంది. మెళ్లో గొలుసు బ్యాంకులో పెట్టి ఒక్కసారే తీర్చేయడం మంచిదా? బ్యాంకులో వడ్డీ నూటికి రూపాయి కూడా పడదు కదా.

సంఘం ట్రెజరర్, ఆటోనగర్

తొందరపడొద్దని చెప్పండి సిస్టర్. పైకి చూస్తే లాభంలా కనబడుతుంది కానీ ఇక్కడ వడ్డీ మొదటి రోజే పట్టేసుకున్నారు. ఇప్పుడు 6,000 మొత్తం కట్టేస్తే ఫైనాన్స్ వాడికి ముందే డబ్బు అందుతుంది, మీకు ఒక్క రూపాయి తగ్గదు. పైగా గొలుసు మీద బ్యాంకు వడ్డీ అదనం. ముందుగా కట్టేస్తే ఎంత తగ్గిస్తావని అడగాలి. లెక్క ప్రకారం ఈ రోజుకి ఆ 6,000 విలువ 5,400 దగ్గర ఉంటుంది. 5,500కి ఒప్పుకుంటే గొలుసు పెట్టి తీర్చేయొచ్చు. ఒప్పుకోకపోతే రోజుకు 100 కట్టుకుంటూ పోవడమే నయం.

అసలు గండం 70వ రోజు దగ్గర ఉంది. ఇంకా 3,000 మిగిలి ఉండగా వాడే నవ్వుతూ వచ్చి ‘కొత్త పదివేలు తీసుకో అక్కా, పాతది అందులో పట్టుకుంటా’ అంటాడు. 10,000లో 1,500 వడ్డీ, 3,000 పాత బాకీ పోతే చేతికొచ్చేది 5,500. రాసేది మాత్రం మళ్లీ 10,000కి. గొలుసు ఆ రోజు కోసం ఉంచుకోమనండి. నిజంగా డబ్బు అవసరం పడితే కొత్త ఫైనాన్స్‌కి బదులు బ్యాంకులో గొలుసు పెట్టాలి, పాతది 100వ రోజుతో ముగించాలి. ముగిసిన రోజున ప్రోనోటు, సంతకం పెట్టిచ్చిన ఖాళీ చెక్కు రెండూ వెనక్కి తీసుకోవాలి. కార్డు మీద ‘పూర్తిగా చెల్లు’ అని రాయించి సంతకం పెట్టించుకోవాలి. ‘ఆఫీసులో ఉంది, రేపు ఇస్తా’ అంటే ఆఖరి 100 ఆ రేపే ఇవ్వమనండి.